లోపలి గడియ

మా చర్చిలో అరవై ఏళ్ళుగా నాది ఒకటే పని. మొదటి పాట అందుకోగానే తలుపు మూసి లోపలి నుంచి గడియ వేయాలి. ఆ తర్వాత తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని బయట అడుగుల చప్పుడు వినాలి. వినేవాళ్ళు పాడకూడదు. అందుకని నేను ఇంట్లో గిన్నెలు తోముతూ పాడతాను, ఆవుకు మేత వేస్తూ పాడతాను గానీ, చర్చిలో నోరు విప్పిన పాపాన పోలేదు.

ఈ పని మా అమ్మ నాకు తొమ్మిదో ఏట అప్పజెప్పింది. అప్పట్లో చర్చి అంటే మా ఇంటి ముందుగది. ఆదివారం తెల్లారుతూనే, ఆవుల్ని మందకు తోలకముందే, ఓ పదిహేనుమంది ఆడవాళ్ళు, ఇద్దరో ముగ్గురో మగవాళ్ళు వచ్చి గొంతు పెగలీ పెగలకుండా పాడుకునేవాళ్ళు. కిర్గిజ్ నేల మీద సోవియట్ రాజ్యం అది, మాలాంటి జర్మన్లు సొంత భాషలో ప్రార్థన చేస్తూ దొరికితే ఉద్యోగాలు ఊడే రోజులవి. అంతకుముందు మనుషులే తిరిగి రాని రోజులుండేవి. మా తాత అలా పోయినవాడే.

"ఎవరైనా తడితే నువ్వు చెయ్యెత్తాలి, అంతే. మాట్లాడకు," అని అమ్మ నేర్పింది.

నేను చెయ్యెత్తగానే పాట ఠక్కున ఆగేది. పాటల పుస్తకం పిండి డబ్బాలోకి పోయేది. ఆడవాళ్ళంతా సంచుల్లోంచి ఊలూ సూదులూ తీసి మేజోళ్ళు అల్లడం మొదలెట్టేవాళ్ళు. తట్టినవాళ్ళు విసిగి వెళ్ళిపోయేదాకా సూదుల చప్పుడు తప్ప మరేం వినపడేది కాదు. మా గుంపులో ఒక్కరూ పట్టుబడలేదు. అదంతా మా ఎర్నా చలవే అని అమ్మ అందరితో చెప్పేది. తొమ్మిదేళ్ళ పిల్లకు అంతకంటే ఏం కావాలి?

తర్వాత రోజులు మారాయి. చర్చి కట్టుకోవచ్చన్నారు. వడ్రంగి గాట్లీబ్ మా ఇంటి తలుపుకున్న గడియ ఊడదీసి, కలిసొచ్చిన గడియ అని తెచ్చి చర్చి తలుపుకు బిగించాడు. దాని వెంట ముక్కాలిపీట వచ్చింది, పీట వెంట నేనొచ్చాను. జెండా మారింది, దేశం పేరు మారింది. సగం ఊరు మూటాముల్లె సర్దుకుని జర్మనీకి పోయింది. నేను మాత్రం ఆదివారం ఆదివారం గడియ వేస్తూనే ఉన్నాను. ఇక చాలమ్మా అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఎనిమిది మందిమి మిగిలాం. గాట్లీబన్నకు ఎనభై ఆరు. ఆయనే పాత పుస్తకంలోంచి ప్రసంగం చదువుతాడు. నాకు డెబ్బై, మా అందరిలో నేనే చిన్నదాన్ని. నెలకోసారి బిష్కెక్ నుంచి పాస్టరు ఆర్తుర్ వస్తాడు. ముప్పై దాటని కుర్రాడు, మంచివాడు, హడావిడి ఎక్కువ. ఈ వసంతంలో ఆయన టీ తాగుతూ నెమ్మదిగా బయటపెట్టాడు.

"ఎర్నా అత్తా, పట్నంలో పెద్దలు ఓ మాట అనుకున్నారు. కోత పండుగ నాటికి ఇక్కడికి చిన్నవాళ్ళెవరూ రాకపోతే ఈ చర్చి మూసేసి, మిమ్మల్ని పట్నం చర్చిలో కలిపేస్తారట."

"గాట్లీబన్న పట్నం దాకా ఎలా వస్తాడయ్యా? ఇంటి నుంచి ఇక్కడికి రావడానికే రెండుచోట్ల ఆగుతాడు."

"అందుకేగా అత్తా, చిన్నవాళ్ళను రప్పిద్దాం అంటున్నది."

ఇక చూడండి ఆయన పాట్లు. గోడలకు సున్నం వేయించాడు. గిటారు తెచ్చాడు. పాటల మాటలు గోడ మీద పడే యంత్రం తెచ్చాడు. బస్సు ఆగేచోట 'యువతకు స్వాగతం, ప్రతి ఆదివారం పది గంటలకు' అని ఇంత పొడుగు కాగితం అంటించాడు. ఇల్లలకగానే పండగా? ఒక్కరూ రాలేదు. ఈ కాలం పిల్లలింతే అని మేం ఎనిమిది మందిమీ కలిసి వాళ్ళను తిట్టుకుంటూ టీ తాగేవాళ్ళం.

మధ్యలో రెండు మూడు ఆదివారాలు ఎవరో తలుపు తట్టారు. ఆర్తుర్ లేని ఆదివారాలే అవి. ఆయనుంటే గిటారు మోతలో తట్టినా మాకు వినపడి ఉండదు. నేను చెయ్యెత్తాను. పాట ఆగింది, సూదులు బయటికొచ్చాయి. కాసేపటికి అడుగులు వెళ్ళిపోయాయి. "ఎవడో తాగుబోతు," అంది మా గుంపులోని అమాలియా, కుట్లు లెక్కపెట్టుకుంటూ. నేనూ అదే అనుకున్నాను.

సెప్టెంబరులో మా పెరట్లో బంగాళాదుంపలు తవ్వడానికి మనవరాలు ఐపెరి వచ్చింది. నా కూతురి కూతురు. అల్లుడు ఎర్కిన్ కిర్గిజ్ మనిషి, బంగారం. పిల్ల పట్నంలో మందుల షాపులో పనిచేస్తుంది. శనివారం రాత్రి డ్యూటీ చేసి ఆదివారం పొద్దున మినీబస్సులో ఊరొస్తుంది. నేను పారతో తవ్వుతుంటే అది ఏరుతోంది. నా నోరు ఊరుకోదుగా.

"ఏమే, ఫోను చూసుకోవడానికున్న తీరిక దేవుడికి లేదా? ఒక్క ఆదివారం చర్చికొస్తే నీ సొమ్మేం పోతుంది?"

"వచ్చాగా ఓమా." అమ్మమ్మను ఓమా అనడం ఒక్కటే దానికి వచ్చిన జర్మన్.

"ఎప్పుడొచ్చావు, కల్లోనా?"

"మూడుసార్లొచ్చా. ఈస్టర్‌కి ఒకసారి, ఎండాకాలం రెండుసార్లు. నా ఫ్రెండ్ వేరా, వాళ్ళ తమ్ముడూ కూడా వచ్చారు. బస్సు దిగేసరికి పదీ ఇరవై అయిపోయింది. తలుపేసేశారు."

"తట్టకపోయావా?"

ఐపెరి చేతిలో దుంపకున్న మట్టి గోటితో గీకుతూ నా వైపు చూడకుండా చెప్పింది.

"తట్టాం ఓమా. తట్టగానే మీరు పాట ఆపేశారు. మేం పోయేదాకా కిక్కురుమనలేదు. నేను కిటికీకి చెవి పెట్టి విన్నా. ఏవో సూదుల చప్పుడు. లోపల మాట్లాడుకోవడం కూడా లేదు."

నేను పార వదిలేశాను.

"మా నాన్న కిర్గిజ్ కదా, అందుకేమో అనుకున్నా. వేరాకు ఏం చెప్పాలో తెలీలేదు. నువ్వు లోపలే ఉన్నావని తెలుసు. నీ రబ్బరు జోళ్ళు గుమ్మం ముందే ఉన్నాయి."

ఆ మూడుసార్లూ నాకు గుర్తున్నాయి. ఈస్టర్ నాడు చాలా మెత్తగా తట్టారు. తాగుబోతు అంత మెత్తగా తడతాడా అని కూడా అనిపించింది. అయినా చెయ్యెత్తాను. నా చేత్తో నేనే నా పిల్లను వెళ్ళగొట్టుకున్నాను. అంత బాధ మా ఆయన పోయినప్పుడు కూడా పడలేదంటే పైనున్న ఆయన ఏమనుకుంటాడో గానీ, నిజం అదే.

"కోత పండక్కి రావే," అన్నాను చివరికి.

"తలుపో?"

"తీసే ఉంటుంది."

"చూద్దాంలే," అని బకెట్టు ఎత్తుకుని పోయింది.

కోత పండుగ ముందురోజు మేం బల్ల మీద గుమ్మడికాయలు, ఆపిల్ పళ్ళు, గోధుమ వెన్నులు సర్దుతున్నప్పుడు విషయం చెప్పాను.

"రేపు గడియ వేయను," అన్నాను.

"తలుపు తీసిపెడితే చలి లోపలికొస్తుంది. పొయ్యిలో బొగ్గు నువ్వేస్తావా?" అంది అమాలియా.

"తీసిపెట్టననలేదు. గడియ వేయనన్నాను."

గాట్లీబన్న గుమ్మడికాయ కింద పెట్టాడు. "ఆ గడియే మనల్ని కాపాడింది ఎర్నా."

"ఎవర్నించి అన్నా? నా మనవరాల్నించా?"

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుర్చీలో కూర్చుని, వడ్రంగం చేసి చేసి కాయలు కాసిన చేతుల్ని చూసుకున్నాడు.

"నువ్వన్నది నిజమే. కానీ గడియ పడ్డ చప్పుడు వినపడితే గానీ నాకు పుస్తకంలో అక్షరాలు కనపడవమ్మా. ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

ఆ ముసలాయనతో ఇంకేం వాదిస్తాను?

మర్నాడు ఆర్తుర్ పట్నం పెద్దల ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాడు. నేను గుమ్మంలోనే ఆపి, గడియ సంగతి చెప్పాను. పాపం, తెల్లమొహం వేశాడు.

"గడియా? నేను ఇన్నాళ్ళూ మీరు గాలి కొడుతోందని తలుపు మూస్తున్నారనుకున్నా!"

పది గంటలకు పాట మొదలైంది. గాట్లీబన్న కళ్ళద్దాల మీదుగా నా వైపు చూస్తున్నాడు, చప్పుడు కోసం. నేను లేచి గడియ పట్టుకుని గట్టిగా లాగాను. అది ఎప్పటిలాగే ఖణేల్మంది. ఆయన తృప్తిగా తల దించుకుని పేజీ తిప్పాడు. వీపు అడ్డం పెట్టి, గడియను మళ్ళీ మెల్లిగా, చప్పుడు కాకుండా వెనక్కి జరిపేశాను. చర్చిలో చేసిన మోసం అదొక్కటే. క్షమించమని అడగను కూడా అడగలేదు.

పీట మీద కూర్చున్నాను. పదీ పది. పదీ ఇరవై. ఈసారి నా చెవులు అడుగుల కోసం భయంతో కాదు, ఆశతో ఎదురుచూస్తున్నాయి. అయినా గుండె కొట్టుకోవడంలో తేడా ఏం లేదు. మినీబస్సు ఆగిన చప్పుడైంది. గుమ్మం ముందు అడుగులు ఆగాయి. తలుపు నెడితే చాలు, తెరుచుకుంటుంది. కానీ వాళ్ళకేం తెలుసు? తట్టారు. అదే మెత్తటి తట్టడం.

నేను చెయ్యెత్తలేదు. ఎత్తే అవసరమే లేకపోయింది. చరణం మధ్యలో పాట తెగిపోయింది. చేతులు సంచుల్లోకి వెళ్ళాయి. అమాలియా అప్పుడే ఒక కుట్టు అల్లేసింది కూడా. గాట్లీబన్న పుస్తకం కోటులో దాచేసుకున్నాడు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు, మాకిది పుట్టుకతో కూడా రాలేదు, భయం నేర్పింది. ఆర్తుర్ ముందు నిలబడి నోరు తెరిచి చూస్తున్నాడు.

లేచి తలుపు తీద్దామంటే కాళ్ళు కదల్లేదు. డెబ్బై ఏళ్ళ దాన్ని కాస్తా తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను. మాట్లాడకు అన్న అమ్మ మాట చెవిలో పడుతూనే ఉంది. బయట ఒక అడుగు మెట్టు దిగింది. ఇంకో అడుగు దిగింది. ఈసారి పోతే ఇక రాదు. నాకు తెలుసు.

అమ్మ మాట్లాడొద్దంది, నేను మాట్లాడలేదు. పాడాను.

ఎక్కడ ఆగిందో అక్కడినుంచి అందుకున్నాను. గొంతు ఆవుకు తెలుసు గానీ చర్చికి తెలీదు. ఎక్కడో మొదలై ఎక్కడికో పోయింది. పోనీ అని ఇంకా గట్టిగా పాడాను, వీధి చివరిదాకా వినపడాలని. పిల్లా, నీ నుంచి దాక్కోవడం లేదే, ఇక్కడే ఉన్నానే అని దానికి తెలియాలని. మెట్ల మీద అడుగులు ఆగాయి. గాట్లీబన్న నన్ను, తలుపును, మళ్ళీ నన్ను చూశాడు. మోసం అర్థమైనట్టుంది. కోటులోంచి పుస్తకం తీశాడు. తీసి, తెరవకుండానే, తడబడే గొంతుతో నాతో కలిశాడు. తర్వాత అమాలియా, చేతిలో సగం మేజోడుతోనే.

తలుపు కిర్రుమంది. ఐపెరి తల లోపలికి పెట్టింది.

"ఓమా, నువ్వు పాడతావా?"

దాని వెనక వేరా, వాళ్ళ తమ్ముడు. వాళ్ళ వెనక బోలెడంత చలి. అమాలియా చలి గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ప్రార్థన అయ్యాక టీ పోశాను. ఆర్తుర్ గిటారు పెట్టెలోంచి బయటికి తీయబోయేలోపు వేరా అమాలియాను అడిగింది, "మామ్మగారూ, చర్చిలో ఆ సూదులెందుకు తీశారు?" అని.

ఇన్నేళ్ళలో ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు. గాట్లీబన్న మొదలుపెట్టాడు. చర్చి గోడల మధ్య రష్యన్ మాట్లాడని మనిషి, ఆ పిల్లల కోసం రష్యన్‌లో చెప్పాడు. పిండి డబ్బా గురించి, తెల్లవారుజాము పాటల గురించి, తిరిగి రాని వాళ్ళ గురించి, తొమ్మిదేళ్ళ ఎర్నా గురించి. టీ చల్లారిపోయింది. ఫోన్లు బల్ల మీదే పడున్నాయి. ఐపెరి నా పక్కకు జరిగి, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఎత్తే చెయ్యి అదే. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఆర్తుర్ పట్నానికి 'ముగ్గురు వచ్చారు' అని రాశాడు. ఈస్టర్ దాకా చూద్దామని వాళ్ళు జవాబిచ్చారు. మరుసటి ఆదివారం ఐదుగురొచ్చారు, ఆ తర్వాత ఇద్దరే. పిల్లలు కదా, అలాగే ఉంటారు.

ఆ ఐదుగురు వచ్చిన రోజున గాట్లీబన్న అందరికంటే ముందే వచ్చాడు, స్క్రూడ్రైవరు పట్టుకుని. తన చేత్తో బిగించిన గడియను తనే ఊడదీసి, జేబురుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. తలుపుకు నాలుగు చిల్లులు మిగిలాయి.

"మరి అక్షరాలు ఎలా కనపడతాయన్నా?"

"కనపడకపోతే నీ మనవరాలు పక్కన నిలబడి చదువుతుందిలే. జర్మన్ చదవడం నేర్పిస్తాను," అన్నాడు. "ఇక నువ్వు ఆ పీట వదిలి, ముందుకొచ్చి పాడు. గొంతు ఘోరంగా ఉందనుకో, అయినా పాడు."

ఇప్పుడు నేను రెండో బెంచీలో కూర్చుని పాడుతున్నాను. తలుపు చప్పుడైతే నా చెయ్యి ఇప్పటికీ దానంతటదే పైకి లేస్తుంది. లేచిన చేత్తోనే, వచ్చినవాళ్ళకు నా పక్కన చోటు చూపిస్తున్నాను.