గోడవార తడి

నీళ్ళ సీసా తూచడం బ్రహ్మవిద్యేమీ కాదు. మూత బిగించి ఉందో లేదో చూసుకోవాలి, బయటి తడిని పొడిగుడ్డతో తుడవాలి, త్రాసు సున్నా చూపించేదాకా ఆగాలి, అప్పుడు పెట్టాలి. ఆటకి ముందు ఒకసారి, ఆట అయ్యాక ఒకసారి. మధ్యలో ఎంత తగ్గిందో అన్ని నీళ్ళు ఆడిన మనిషి కడుపులోకి వెళ్ళినట్టు లెక్క. విశ్వవిద్యాలయంలో ఆటల మీద పరిశోధన చేసే విభాగానికి ఆవిడ అటెండరు. గదులు ఊడవడం, టీలు అందించడం, చెమట తువ్వాళ్ళు ఉతకడం ఆవిడ ఉద్యోగం. తూకం అందులో లేదు. ఆరేళ్ళ క్రితం ఎవరో సెలవు పెట్టిన రోజున ప్రొఫెసరుగారు "కాస్త ఈ సీసాలు తూచిపెట్టమ్మా" అన్నారు. ఆ "కాస్త" ఇప్పటికీ అవలేదు. జీతం అంగుళం కూడా కదల్లేదు గానీ పేరు మాత్రం మారింది. అందరూ తూకాలమ్మ అంటారు. ఆ పిలుపంటే ఆవిడకి లోలోపల సంబరమే. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ముగ్గురు కూర్చుని తీర్పు చెప్తారు. ఇక్కడ మాత్రం తను చెప్పిన అంకెకి తిరుగులేదు. ప్రొఫెసరంతటి ప్రొఫెసరు కూడా "తూకాలమ్మ రాసిందా, అయితే సరే" అని ముందుకెళ్ళిపోతారు.

ఆ వేసవిలో వచ్చిన పని ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుది. పేటలో క్లబ్బు ఒకటుంది, దానికో మైదానం ఉంది. ఆ పిల్లలు మొదటి సగంలో లేళ్ళలా పరిగెత్తేవాళ్ళు. రెండో సగంలో పిక్కలు పట్టేసి ఒక్కొక్కళ్ళూ కూలబడిపోయేవాళ్ళు. క్లబ్బు ప్రెసిడెంటు విశ్వవిద్యాలయానికి వచ్చి ప్రొఫెసరుగారి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆడపిల్లలు ఈ ఎండకి ఆగుతారో లేదో సైన్సు ప్రకారం తేల్చండి సార్. ఆగరంటే మాకూ తలనొప్పి పోతుంది. సాయంత్రం గ్రౌండు మగపిల్లల జట్టుకి ఇచ్చేస్తాం."

అలా మూడు వారాలు మైదానానికి వెళ్ళారు. ప్రొఫెసరుగారు, ఆయన దగ్గర పరిశోధన చేసే కళ్ళజోడు అమ్మాయి, త్రాసు మోసుకుంటూ తూకాలమ్మ. పిల్లల్ని తూచారు, సీసాలు తూచారు. ముప్పై నాలుగు ప్రశ్నల కాగితం కళ్ళజోడు అమ్మాయి తయారుచేసింది. ఏం తింటావు, ఎన్ని గంటలు పడుకుంటావు, చెప్పులు ఏ సైజు, అన్నీ అడిగింది.

రెండో వారంలో ఒకరోజు తూకాలమ్మ తువ్వాళ్ళు ఏరుకుంటూ పిల్లలు కూర్చునే వెనకగోడ దాకా వెళ్ళింది. మైదానమంతా గడ్డి ఎండి గరగరలాడుతోంది. గోడవార మాత్రం జానెడు మేర నేల నల్లగా తడిసి ఉంది. అక్కడ గడ్డి పచ్చగా, కొత్తగా మొలిచినట్టుంది. వంగి వేలు పెట్టి చూసింది. పక్కకి తలతిప్పితే జట్టు కెప్టెను ఆకాశంకేసి చూస్తూ, చెయ్యి వెనక్కి పెట్టి సీసా వంపేస్తోంది.

"అయ్యో! ఏం పని ఇది?"

"అక్కా, చెప్పకు." పిల్ల ముఖం కందిపోయింది. "నీళ్ళు మిగిలితే మీ ప్రొఫెసరు సార్ గంటసేపు క్లాసు పీకుతున్నాడు. తాగితేనేమో..."

"తాగితే?"

"నీకు తెలీదా ఏంటి?"

తెలుసు. క్లబ్బు గది వెనకాల ఆడవాళ్ళకి ఒక బాత్రూమ్ ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి గ్రౌండు చూసుకునే ఆయన నడుముకి వేలాడుతూ ఉంటుంది. కావాలంటే మైదానం అంతా దాటి, గేటు దగ్గర మగపిల్లల మధ్య కూర్చున్న ఆయన ముందుకెళ్ళి అడగాలి.

"పోయిన నెల అడిగానక్కా," అంది కెప్టెను. "'ఇప్పుడేగా వెళ్ళొచ్చావు, కడుపులో కుళాయి ఏమన్నా ఉందా అమ్మా' అన్నాడు. ఆయన సరదాకే అన్నాడులే. కానీ ఆ మగవెధవలందరూ ఇప్పటికీ నన్ను కుళాయి అనే పిలుస్తున్నారు. అప్పట్నుంచి జట్టులో ఎవరూ అడగట్లేదు. పొద్దున లేచాక ఒక గుక్క, మళ్ళీ ఇంటికెళ్ళాకే."

తూకాలమ్మ తువ్వాళ్ళు ఏరుకుని వెనక్కి వచ్చేసింది. ఆట అయ్యాక ఆ సీసా తెచ్చి తుడిచి తూచింది. కిలోకి పైన ఇంకో వంద గ్రాములు తగ్గింది. అలాగే రాసింది.

తూకంలో అబద్ధం లేదు. కానీ అబద్ధమే రాశానని ఇంటికి వెళ్ళే దారంతా ఆవిడకి అనిపిస్తూనే ఉంది. ఆ ఒక గుక్క లెక్క ఆవిడకి కొత్తా? తనూ పొద్దున ఒక గుక్క తాగి బయల్దేరుతుంది. విభాగంలో మూడంతస్తులున్నాయి, ఆడవాళ్ళ గది మాత్రం పక్క భవనంలో ఉంది. వెళ్ళి వచ్చేసరికి "తూకాలమ్మ ఎక్కడ? ఎక్కడికి పోయింది?" అని నాలుగు గొంతులు లేస్తాయి. ఎక్కడికెళ్ళావంటే ఏం చెప్పాలి? జిరాక్సుకి వెళ్ళానని చెప్పేది. ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూమ్‌లోకి పొద్దున్నే ముందు ఆయన, తర్వాత కొడుకు, ఆ తర్వాత అత్తగారు. చివర్లో తను వెళ్తే, గడియ పెట్టీ పెట్టకముందే "టీ ఎక్కడా?" అని కేక. పెళ్ళైన కొత్తలో ఏదో ప్రయాణంలో బండి ఆపమని ఆయన చెవిలో అడిగితే "ఇంకో గంట ఆగలేవా? చిన్నపిల్లవా?" అన్నాడు. ఆగింది. అత్తగారు మెచ్చుకుంది కూడా, "ఓర్పున్న పిల్ల" అని. ఆ మెప్పు ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తే. డాక్టరమ్మ పోయినేడు ఒంటికి వెళ్ళినప్పుడల్లా వచ్చే మంటకి మందు రాసిస్తూ "రోజుకి మూడు లీటర్లు తాగాలమ్మా" అంటే నవ్వొచ్చింది. మూడు లీటర్లు తాగడం తేలికే డాక్టరమ్మా, తాగాక ఎక్కడికి వెళ్ళాలో కూడా ఆ చీటీ మీదే రాసివ్వకూడదూ అనాలనిపించింది. అనలేదు. బాత్రూమ్ మాట మగాళ్ళ ముందేకాదు, ఆడవాళ్ళ ముందైనా గొంతు తగ్గించే అనాలని ఎవరో ఎప్పుడో నేర్పేశారు. ఎవరు నేర్పారో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

మూడో వారం అయిపోయింది. మర్నాడు క్లబ్బువాళ్ళకి ఫలితం చెప్తారనగా, ఆ సాయంత్రం ఆవిడ బట్టలు మడతపెడుతూ భర్తని అడిగింది. ఆయన బస్సు డ్రైవరు.

"ఏమండీ, బస్సు నడిపేటప్పుడు బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? ఆపుతాను, దిగుతాను, వస్తాను. ఇదేం ప్రశ్న?"

"మరి బస్సులో ఆడవాళ్ళో?"

"వాళ్ళెప్పుడూ అడగరు."

"ఎందుకడగరు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "వాళ్ళకి అవసరం పడదేమోనే," అన్నాడు.

ఆవిడ మడతపెడుతున్న చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఇరవయ్యేళ్ళుగా బస్సు నడుపుతున్నాడు. వేలమంది ఆడవాళ్ళని ఊళ్ళు దాటించాడు. తనతో అంతకంటే ఎక్కువ కాలం కాపురం చేశాడు. వేళాకోళం కాదు, పాపం, మనిషి నిజంగానే అలా అనుకుంటున్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. నవ్వు ఆగాక మాత్రం ఒక సంగతి తట్టింది. ప్రొఫెసరుగారూ ఇంతే కదా. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరూ చెప్పకపోతే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది?

"ఏంటే ఆ మాటలు, కొడుకు ఇంట్లో ఉండగా!" అని గదిలోంచి అత్తగారు గసిరింది. "నలుగురిలోనూ ఇలాగే అనేవు, పరువు పోతుంది."

"పోతే పోనీండి అత్తయ్యా. బస్సు ఆపి దాన్ని ఎక్కించుకొస్తారు మీ అబ్బాయి."

మర్నాడు క్లబ్బు గదిలో ప్రొఫెసరుగారు బోర్డు మీద అంకెలు వేశారు. ప్రెసిడెంటు, గ్రౌండు చూసుకునే ఆయన, కమిటీవాళ్ళు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. కళ్ళజోడు అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. తలుపు దగ్గర కెప్టెను పిల్ల గోళ్ళు కొరుకుతోంది. తూకాలమ్మ టీ ట్రేతో లోపలికి వచ్చింది.

"పిల్లలు సగటున లీటరుకి పైగా తాగుతున్నారు," అన్నారు ప్రొఫెసరుగారు. "అంత తాగినా ఆట అయ్యేసరికి బరువు బాగా తగ్గుతోంది. అంటే చెమట విపరీతంగా పోతోందన్నమాట. సీసాల తూకంలో అనుమానానికి తావు లేదు. కాబట్టి సాయంత్రం ఎండలో వీళ్ళకి ఆట మంచిది కాదని..."

"నేను ముందే అన్నాను," అన్నాడు ప్రెసిడెంటు, టీ అందుకుంటూ. "ఆడపిల్లల ఒళ్ళు కదా."

కెప్టెను తల దించుకుంది. తూకాలమ్మ ట్రేని బల్ల మీద పెట్టేసింది.

"ఆ లెక్క తప్పు సార్."

ప్రొఫెసరుగారు కళ్ళద్దాలు తీశారు. "తూచింది మీరే కదమ్మా?"

"నేనే సార్. తూకం సరిగ్గానే ఉంది. నీళ్ళే కడుపులోకి పోలేదు."

"మరెక్కడికి పోయాయి?"

"గోడవారకి. వంపేస్తున్నారు. చూసి కూడా రాశాను, నాదీ తప్పే."

ప్రెసిడెంటు పెద్దగా నవ్వాడు. "దాహమేస్తే నీళ్ళు పారబోసుకునే పిచ్చివాళ్ళు ఎక్కడన్నా ఉంటారామ్మా? ఎందుకు పారబోస్తారు?"

అక్కడ ఆగిపోయింది ఆవిడ. కళ్ళజోడు అమ్మాయికేసి చూసింది, చదువుకున్న పిల్ల అందుకుంటుందేమోనని. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తోంది. అప్పుడర్థమైంది. ఈ పిల్లా ఈ మూడు వారాలూ మైదానంలో చుక్క నీళ్ళు ముట్టలేదు. ముప్పై నాలుగు ప్రశ్నలు రాసింది, ముప్పై అయిదోది రాసి కొట్టేసి ఉంటుంది.

"బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని," అంది తూకాలమ్మ. గొంతు తగ్గించలేదు. "తాళంచెవి అడగాల్సొస్తుందని. అడిగితే నవ్వుతారని. అందుకే పొద్దున్నుంచీ గొంతు ఎండగట్టుకుని వస్తున్నారు సార్ పిల్లలు. పిక్కలు పట్టెయ్యక ఏం చేస్తాయి? వాళ్ళదాకా ఎందుకు, నేనూ పొద్దున ఒక గుక్క తాగి వచ్చాను."

గ్రౌండు చూసుకునే ఆయన చెయ్యి నడుము దగ్గరకి పోయింది. "నేను సరదాకన్నానమ్మా, దేవుడి తోడు. నాకూ కూతురుంది," అన్నాడు.

"తెలుసన్నా. సరదాకే అన్నావు. కానీ పదకొండుమంది నీళ్ళు మానేశారు."

ప్రెసిడెంటు కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "తాళం లేకపోతే కుక్కలు దూరతాయి. అందుకని పెట్టించాను గానీ..."

"కుక్కలకేమండీ, వాటికి ఎవర్నీ అడగక్కర్లేదు. హాయిగా ఉన్నాయి."

ముందు నవ్వింది కెప్టెను. తర్వాత కళ్ళజోడు అమ్మాయి. ప్రొఫెసరుగారు నవ్వలేదు. డస్టరు తీసుకుని బోర్డు మీద అంకెలన్నీ ఓపిగ్గా తుడిచేశారు. మూడు వారాల పని మరి. "నేను కొలిచింది చెమట కాదన్నమాట," అని తనలో తనే అనుకుని, ప్రెసిడెంటు వైపు తిరిగారు. "రెండు వారాలు ఆ తలుపుకి తాళం ఉండకూడదు. లోపల గడియ ఉంటే చాలు. మళ్ళీ మొదట్నుంచి కొలుస్తాను. అప్పటిదాకా గ్రౌండు ఈ పిల్లలదే."

బయటికి వచ్చాక కళ్ళజోడు అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నేను అడగాల్సింది అక్కా. సార్ ఏమనుకుంటారోనని..."

"సారేమీ అనుకోలేదుగా," అంది తూకాలమ్మ. "ముప్పై అయిదోది ఇప్పుడు రాసెయ్యి."

తాళం తీసేసిన రెండో వారం. ఎండ ఏమీ తగ్గలేదు. రెండో సగంలోకి వచ్చినా జట్టు ఇంకా కాళ్ళ మీదే ఉంటోంది. ముందురోజు ఒక్క పిల్ల పిక్క పట్టుకుని కూలబడింది, అదీ ఎదుటి జట్టు పిల్ల తన్నితే. ఆ రోజు ఆట సగం అయ్యేసరికి పిల్లలు ఖాళీ సీసాలు త్రాసు పక్కన పడేసి క్లబ్బు వెనక్కి పరిగెత్తారు. అక్కడ వరస కట్టి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, "తొందరగా రావే, లోపల నిద్రపోయావా" అని తలుపు బాదుతూ ఒకటే గోల. గేటు దగ్గర మగపిల్లలు నాలుగు రోజులు తిరిగి చూశారు, అయిదో రోజు నుంచి మానేశారు. రోజూ జరిగేదాన్ని ఎంతకాలమని చూస్తారు?

"అక్కా, నువ్వు రావా?" అని వరసలోంచి కెప్టెను కేకేసింది.

తూకాలమ్మ త్రాసుకేసి చూసింది. తూచాల్సిన సీసాలు పదకొండు. అవి ఎక్కడికీ పోవు. పొడిగుడ్డ బల్ల మీద పడేసి, మైదానం మధ్యలోంచే నడుచుకుంటూ వెళ్ళి వరసలో నిలబడింది. ముందు అయిదుగురున్నారు. ఏ తొందరా లేదు.

అవతలి గట్టు మీద నుంచి ప్రొఫెసరుగారు నోటికి చేతులు అడ్డుపెట్టుకుని అరిచారు. "తూకాలమ్మా! ఎక్కడికెళ్ళారు?"

మైదానం ఆ చివర నుంచి ఈ చివరకి వినబడేటట్టు, గొంతెత్తి జవాబిచ్చింది ఆవిడ.

"బాత్రూమ్‌కి సార్!"