చట్రం దాటిన మొక్క

హీనా నరసరావుపేట అమ్మాయి. మిరపకు వేసిన యూరియాలో మొక్క నిజంగా ఎంత తీసుకుంటుందో తేల్చడం ఆమె పరిశోధన. వెల్దుర్తి పక్కన మా చేలో అడుగు లేని రేకు చట్రం ఒకటి నేలలోకి దిగగొట్టింది. లోపల ఎనిమిది పాదులు, పాదుకు రెండు మొక్కలు. ఆ పదహారింటికి మాత్రం తను తెచ్చిన యూరియా నీళ్లలో కలిపి పోసింది.

"విషం కాదు గదమ్మా?" అని మూడుసార్లు అడిగాను.

"కాదు పెద్దమ్మా. ఇందులో నత్రజని కాస్త బరువైంది, అంతే. ఏ ఆకులోకి పోయినా ల్యాబ్‌లో మిషన్ గుర్తుపడుతుంది. రాలిన ఆకు కూడా పారేయొద్దు, ఈ కవర్లో వెయ్యి. ఒక్క మొక్క పోయినా ఈ ఏటి పనంతా పోయినట్టే."

రోజూ పొద్దున్నే వెళ్లి లెక్కపెట్టేదాన్ని. పదో రోజు పదిహేనే ఉన్నాయి.

ముందురోజు మా చేలో కూలికి వచ్చే నాంచారమ్మ వచ్చి, చచ్చిన మొక్కల చోట కొత్తవి నాటింది. నారు అయిపోతే జంటలో ఒకటి పీకి నాటడం మా వైపు అలవాటు. చట్రం సంగతి ఆమెకు చెప్పడం మరిచాను.

"ఏమే నాంచారీ, రేకు లోపలి మొక్క తీశావా?"

"తీసా. జంట ఉంటే తియ్యక పూజ చేస్తారా ఏంది? చానా ఏపుగా ఉందని దాన్నే తీసా."

"ఎక్కడ పెట్టావే?"

"నాలుగో సాల్లో. నిన్న ఆడ పదకొండు పెట్టా. అన్నీ ఒక్కమాదిరే ఉండయ్. నీ తోడబుట్టిందా పిన్నీ, చూడంగానే గుర్తుపట్టనీకి?"

నా చెల్లెలు చిన్నప్పుడు అమరావతి తిరునాళ్లలో తప్పిపోయింది. గుర్తులు చెప్పమంటే నీలం గౌను అని తప్ప ఏమీ చెప్పలేకపోయాను.

ఇంకో మొక్క తెచ్చి ఆ ఖాళీలో పెడితే మళ్లీ పదహారవుతాయి, ఎవరికీ తెలియదు. పీకడానికి వంగాను కూడా. తర్వాత హీనాకు ఫోన్ చేశాను.

మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. తిట్టలేదు గానీ ఇచ్చిన మంచినీళ్లు తాగలేదు. ఆ పదకొండు మొక్కలకూ నంబర్లు పెట్టి, తలా ఒక ఆకు కోసుకుని వెళ్లింది.

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. "ఏడో నంబరు పెద్దమ్మా! మిగతా పదీ మామూలువే."

"పీకి లోపల పెట్టేదా?"

"అయ్యో, ముట్టుకోవద్దు. కోతప్పుడు దాన్నీ చట్రం లెక్కలో కలుపుతా. ఇట్లా జరిగిందని కూడా రాస్తా."

ఏడో మొక్క పక్కన పుల్ల పాతి పాత నీలం జాకెట్టు పీలిక కట్టాను.

ఇప్పుడు పొద్దున్నే చట్రం దగ్గర పదిహేను లెక్కపెట్టి, నాలుగో సాలుకు నడిచి పదహారు అంటున్నాను. నిన్న దాని ఆకు ఒకటి రాలింది. కవర్లో వేశాను.