తొమ్మిది దినాలు

"ఆర్నెల్లు పైన గాల్లో తేలినా, ఈడికొస్తే దోసెలు పొయ్యాల్సిందే కదమ్మా" అంది అత్తగారు పంకజాక్షి, పళ్ళెం ముందుకు జరుపుతూ. ఆమె నవ్వుతూనే అన్నది. లోకేశ్వరి కూడా నవ్వింది. పెనం ముందు నిలబడి అరగంటయింది, పిక్కలు లాగేస్తున్నాయి. అంతరిక్షం నుంచి దిగి నాలుగు నెలలైనా కాళ్ళు ఇంకా మాట వినడం లేదు. పరీక్షలూ వ్యాయామాలూ ముగించుకుని తిరుపతిలో ఇంటికి చేరింది మొన్ననే.

ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. చిత్తూరు కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో భర్త దయానంద్, "ఆడోళ్ళకు ఈ పనే మేలు, పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటారు" అన్నాడు. పిడుగుల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంటే, "వాన పడతాదో లేదో మా అమ్మా చెప్తాది" అన్నాడు. ముప్పైనాలుగేళ్ళకు విమానం నడపడం నేర్చుకుంటే, "ముందు స్కూటీ సరిగ్గా తోలు" అన్నాడు. వ్యోమగామిగా ఎంపికైన రోజు, టీవీవాళ్ళు వస్తారు, చొక్కా ఇస్త్రీ చెయ్యమన్నాడు. చేసింది. సర్దుకోవడం కూడా తన ఉద్యోగాల్లో ఒకటి, జీతం లేనిది అనుకుంది.

"నువ్వు పోమ్మే, ఎవురేమంటే నీకేమి" అన్నది ఒక్క అమ్మే. పూతలపట్టులో ఉండే యశోదమ్మ. కూతురు పైన ఉండగానే ఆమె పోయింది. భూమ్మీదికి దిగాక దయానంద్ చెప్పాడు: "నిద్రలోనే పోయింది. బాధే పళ్ళేదు."

ఆ మధ్యాహ్నం ఆడపిల్లల కాలేజీలో సన్మానం. జిల్లా నుంచి అంతరిక్షానికి పోయిన మొదటి ఆడమనిషి అని బ్యానరు. ఆమెను పంపించిన భర్తే మొదట మాట్లాడాలని మైకు దయానంద్‌కు ఇచ్చారు.

"మా అత్త తొమ్మిది దినాలు ఆస్పత్రిలో ఉండింది" అన్నాడు. "తెలివిగానే ఉండింది. దినామూ, 'బిడ్డతో ఒక్క మాట మాట్లాడించు నాయనా' అని అడిగింది. నేను మాట్లాడించలా. పైకి కబురే పోనీలా. ఈమె ఏడిస్తే, ఆడది గాబట్టి ఏడ్చిందని అనరా? ఈమె పేరు కోసం ఆ బరువు నేను మోసినా."

హాలంతా చప్పట్లు.

పైన ఉండగా లోకేశ్వరి వారానికొకసారి వీడియోలో అమ్మ ఏదని అడిగితే, "చెయ్యి బెణికింది, కట్టు కట్టించుకునేదానికి పుత్తూరు పోయింది" అన్నాడు ఈ మనిషి. తను నమ్మింది. ఏం జరిగినా ఆ నిమిషమే చెప్పండని వెళ్ళేముందు అంతరిక్ష సంస్థకు రాసిచ్చింది. ఇంటి నుంచి కబురు చెప్పాల్సిన మనిషిగా ఇతని పేరే రాసింది.

మైకు ఆమె చేతికొచ్చింది.

"అమ్మ తొమ్మిది దినాలు నన్ను అడిగిందని నాకు తెలియదు. ఇప్పుడే, మీతోపాటే విన్నాను."

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె వేదిక మెట్లు ఒక్కొక్కటే దిగి, ముందు వరసలో ఉన్న చెల్లెలు మహిత పక్కన కూర్చుంది.

"నీకు చెప్పొద్దని బావ ఒట్టేయించుకున్నాడక్కా" అంది మహిత.

"అమ్మ ఏమన్నింది?"

"అక్కా, వొద్దు."

"చెప్పు."

"ఏడో దినం నుంచి అడగడం మానేసింది. 'అంత పైకి పోయినాక దానికి నేనేడ గుర్తుంటా లే' అని గోడ పక్కకు తిరిగి పండుకునింది. మళ్ళా ఇట్ల తిరగలా."

లోకేశ్వరికి ఏడుపు రాలేదు. హాలు సగం ఖాళీ అయ్యాక దయానంద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"అందరి ముందరా ఆ మాట అనాల్నా? సరే, లే. మా అమ్మ ఎదురుచూస్తా ఉంటాది, ఇంటికి పోదాం."

"నేనింక ఆ ఇంటికి రాను" అంది లోకేశ్వరి. "దాచిపెట్టకుండా, ఇప్పుడే చెప్తా ఉండా."