మీడియం సైజు మనిషి

అయినా అక్క పొద్దున ఆ మాట అనకుండా ఉండాల్సింది, అన్నా కనీసం బావ ముందు అనకుండా ఉండాల్సింది, నీకేమే తల్లీ, నిలబడితే చాలు జీతం ఇస్తారు, అని, నిలబడటం అంటే ఏమిటో అక్కకి తెలిస్తే కదా, చేతులు కొంచెం ఎత్తు అంటున్నాడు మాస్టర్, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడతాడు కాబట్టి ఆయన మాటల్లో సగం ఆ సూదుల దగ్గరే ఆగిపోతాయి, మిగతా సగాన్ని బట్టి అర్థం చేసుకోవడం ఆమెకి ఏనాడో అలవాటైంది, ఎత్తింది, భుజం కలుక్కుమంది, గది మధ్యలో చెక్క స్టూలు మీద, నెత్తిన తెల్లటి ట్యూబులైటు వెలుగులో, ఇంతవరకు ఎవరూ తొడుక్కోని ఆకుపచ్చ గౌను వేసుకుని నిలబడి ఉంది, ఇదీ ఆమె ఉద్యోగం, ఈ ఫ్యాక్టరీలో ఏ కొత్త రకం బట్ట కుట్టినా మొదటిది ఆమె వేసుకోవాలి, మాస్టర్ చుట్టూ తిరిగి ఎక్కడ వదలాలో ఎక్కడ పట్టాలో చూసి సూదులు గుచ్చి సుద్దతో గీత గీస్తాడు, ఆ గీతల ప్రకారమే కింది అంతస్తులో వేలకొద్దీ మీడియం సైజువి కత్తిరిస్తారు, మిగతా సైజులు కూడా అందులోంచే పెంచుతారు, తగ్గిస్తారు, అందుకే ఇక్కడ ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, మీడియం వచ్చిందా, మీడియం టీ తాగిందా, మీడియాన్ని పైకి పంపండి, గేటు దగ్గర కాపలాదారు కూడా అంతే, మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత కోపమొచ్చేది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తుంది.

కాళ్లు లాగుతున్నాయి, పిక్కల్లో మొదలైన నొప్పి మెల్లిగా నడుముకి ఎక్కుతోంది, పొద్దున తాగిన టీ తప్ప కడుపులో ఏమీ లేదు, మధ్యాహ్నం డబ్బా మూత తీసి వాసన చూసి మళ్ళీ మూసేసింది, కొన్నాళ్లుగా ఇదే తంతు, ఎందుకంటే ఇవాళ సాయంత్రం కొలతలు, ఏడాదికి రెండుసార్లు టేపు పెట్టి చూస్తారు, నడుము వేలెడు పెరిగితే చూసీచూడనట్టు ఊరుకుంటారు, అంతకు మించితే మాత్రం ఇన్నాళ్లూ బాగా చేశావమ్మా అని మర్యాదగా సాగనంపుతారు, కింద ప్యాకింగులో మీడియం ఒళ్లున్నవాళ్లు బోలెడుమంది, పిలవడమే ఆలస్యం, ఎగిరి గంతేసి వస్తారు, తిరుగు అన్నాడు మాస్టర్, తిరిగింది, నలభై దాటాక ఒళ్లు మన మాట వింటుందా, గాలి పీల్చినా లావెక్కిపోతున్నాను అని అక్క ఊరికే అంటూ ఉంటుంది, అక్క అనొచ్చు, అక్క ఒళ్లుకి ఎవరూ టేపు పెట్టరు, నిరుడు చలికాలం కొలతలప్పుడు, టేపు పట్టుకున్నావిడ కనుబొమ్మలు కాస్త పైకి లేచాయి, అంతే, ఆ క్షణంలో ఈమె కడుపు లోపలికి లాక్కుంది, టేపు మళ్ళీ పాత గీత దగ్గరికి వచ్చింది, బతుకు జీవుడా అనుకుంది, మర్నాడు స్టూలెక్కగానే మాస్టర్ కనిపెట్టేస్తాడేమోనని మళ్ళీ లాక్కుంది, ఆ మర్నాడు కూడా, ఇప్పుడు లాక్కోవాలని అనుకోనక్కర్లేదు, స్టూలు మీద కాలు పెట్టగానే అదే లోపలికి పోతుంది, పైపైన చిన్న చిన్న ఊపిరితో రోజంతా నెట్టుకొచ్చేయొచ్చు, సాయంత్రానికి తల దిమ్ముగా ఉంటుంది, అంతేగా, ఇంటికెళ్ళి గిన్నెలు కడిగేసి పడుకుంటే పోతుంది.

తలుపు దభాలున తెరుచుకుంది, మేనేజరు, వెనకాలే ఇద్దరు మోసుకొచ్చిన అట్టపెట్టెలు, మాస్టర్ గారూ, ఈ గౌన్లు కూడా వెనక్కొచ్చేశాయండీ, ఏ కొట్టువాడిని అడిగినా ఒకటే మాట, చూడ్డానికి చక్కగా ఉంటుందంట, నిలబడితే బాగానే ఉంటుందంట, కూర్చుంటే మాత్రం నడుం దగ్గర పట్టేస్తోందంట, నేను ఏం సమాధానం చెప్పుకోవాలి చెప్పండి, మాస్టర్ సూదులు తియ్యకుండానే కొలత సరిగ్గానే ఉందండి అన్నాడు, ఉంటే ఎందుకొస్తాయండీ వెనక్కి, కళ్లు చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాను మీకు, నేను మాత్రం ఎంతకని వెనకేసుకురాను, వచ్చే నెల నుంచి కంప్యూటర్ మీద గీసేవాళ్లు వస్తున్నారు, మీరు కూడా ఇక ఇంటిపట్టున హాయిగా కూర్చోండి, పెద్దవారు, మేనేజరు గొంతులో కోపం కూడా లేదు, విసుగు, ఆ విసుగే ముసలాయన్ని ఎక్కువ కుంగదీసినట్టుంది, సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, స్టూలు మీద ఆమె అదే మాట మళ్ళీ అనుకుంది, నిలబడితే బాగుంటుంది, కూర్చుంటే పట్టేస్తుంది, ఎందుకు పట్టెయ్యదు, ఆ గౌన్లు కొనుక్కున్నవాళ్లు ఊపిరి తీసుకుంటారు మరి, అన్నం తింటారు, వంగి చెప్పులు తొడుక్కుంటారు, ఆమెలాగా కడుపు వీపుకి అంటించుకుని ఎందుకు తిరుగుతారు, ఆ పెట్టెల్లో ఉన్నవన్నీ ఆమె బిగబట్టిన ఊపిరికి కుట్టిన బట్టలు, మాస్టర్ కళ్లకి ఏమీ కాలేదు, ఉన్నది ఉన్నట్టే గీశాడు పాపం, చూపించిందే అబద్ధం.

చెప్పేస్తే, చెప్పేస్తే ఏముంది, సాయంత్రం దాకా కూడా ఆగరు, ఇప్పుడే దిగమంటారు, రేపు పొద్దున్నే అక్క వాకిట్లో ఏ మొహం పెట్టుకుని నిలబడాలి, మాస్టర్ ఎలాగూ పెద్దవాడైపోయాడు, ఇవాళ కాకపోతే రేపైనా మానెయ్యాల్సిందే, కిమ్మనకుండా ఉంటే కంప్యూటర్ వాళ్లొచ్చినా మీడియం కావాలి కదా, ఛీ, ఏం ఆలోచన ఇది, మొన్న జ్వరంతో వస్తే తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డ మనిషి, అయినా ఎంత అలిసిపోయిందో ఎవరికి చెబుతుంది, ఒక్క స్టూలు మీదేనా ఈ బిగబట్టడం, అక్క పురిటికి సాయం వచ్చింది, కొన్నాళ్లు ఉండి పోదువులే అన్నారు, ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు తనకంటే పొడుగైంది, ఈమె ఇంకా హాల్లో సోఫా మీదే, పక్కకి తిరిగితే సోఫా కిర్రుమంటుందని తెల్లవార్లూ ఒకే వైపు, బావ టీవీ కట్టేదాకా వంటింట్లో పీట మీద, ఫోనొస్తే మెట్ల మీదికి, నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పిన్నీ నువ్వు ఇంట్లో ఉన్నట్టే ఉండదు అని అక్క కూతురు అంటే అదేదో మెప్పులాగా మురిసిపోయింది కూడా, వాళ్లెవరూ ఇరుగ్గా ఉండమనలేదు, నిజం చెప్పుకోవాలంటే ఒక్కరు కూడా అనలేదు, తనే ఎప్పుడో మొదలుపెట్టి మానడం మర్చిపోయింది, ఎలా ఉన్నావు అంటే బాగానే ఉన్నా, తిన్నావా అంటే తిన్నా, అసలు ఎప్పుడూ ఇలాగే ఉండేదా, ఉండేది కాదు, ఈ గదిలోకి మొట్టమొదట వచ్చిన రోజున వరసగా ఎంతమంది అమ్మాయిలు, అందరివీ ఇవే కొలతలు, ఒక్కొక్కరు స్టూలెక్కడం, ఎలా ఉంది అని మాస్టర్ అడగడం, చాలా బాగుందండి అని దిగిపోవడం, ఈమె వంతు వచ్చింది, ఏం బాగుందండీ, చంకలో కోసుకుపోతోంది, మెడ వెనక గుచ్చుకుంటోంది, ఇది వేసుకుని బస్సెక్కితే పైన కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి లేవదు, ఎవరండీ బాబూ ఇది కుట్టింది, అనేసింది, కుట్టింది ఆయనే మరి, మాస్టర్ నోట్లోంచి సూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకుని పడీపడీ నవ్వాడు, ఒళ్లు ఎవరికైనా ఉంటుంది, నాకీ నోరు కావాలి అన్నాడు, ఆ నోటికి జడిసే అమ్మ కూడా ఈమెని పెళ్లిళ్లకి తీసుకెళ్లేది కాదు, ఏమైపోయింది ఆ పిల్ల, నడుము కొలత ఒక్కటీ ఉంటే చాలని ఎవరు చెప్పారు తనకి, ఎవరూ చెప్పలేదు, అబ్బ, కాళ్లు ఎంత లాగుతున్నాయి.

ఎలా ఉంది అన్నాడు మాస్టర్, మేనేజరు అక్కడే నిలబడి ఉన్నా సరే పని పూర్తి చేసే తీరాలన్నట్టు గౌను నడుము దగ్గర చివరి సూది గుచ్చి, కళ్లద్దాల మీంచి చూస్తూ, ఆయన కనుబొమ్మకి సుద్ద అంటుకుంది, తుడుచుకోవాలని కూడా తోచలేదు, బాగుంది అన్న మాట నాలుక చివర తయారుగానే ఉంది, అనెయ్యడమే, ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు, ఊపిరి వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో అంత ఊపిరి, పొట్ట ముందుకొచ్చింది, పక్క కుట్టు పటుక్కున తెగింది, సూది చురుక్కుమని దిగింది, అమ్మా, అంది గట్టిగా, తర్వాత, పట్టేస్తోంది మాస్టర్ గారూ, ఇదొక్కటే కాదు, నిరుటి నుంచి అన్నీ పట్టేస్తున్నాయి, లావెక్కానండి, తీసేస్తారని కడుపు లోపలికి లాక్కుని నిలబడుతున్నా, ఆయన కళ్లు బంగారంలా ఉన్నాయి సార్, ఆయన్నేం అనకండి, ఆ పెట్టెలన్నీ నా మూలానే వచ్చాయి, అక్కడితో ఆగలేదు, ఇంకా చెప్పింది, ఈ గౌనుకి నడుమే కాదు, జేబు కూడా మరీ వెనక్కి ఉంది, చెయ్యి పోవాలంటే ఒళ్లు మెలితిప్పాలి, మేనేజరు తెల్లబోయి చూస్తున్నాడు, మాస్టర్ పెదాల మధ్య నుంచి సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న మెత్తకి గుచ్చుకున్నాడు, ఆమె మొహంలోకి చూశాడు, తిడతాడనుకుంది, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే, అన్నాడు.

అంతే, కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి, ఎక్కడికి పోయిందో తనకి మాత్రం ఏం తెలుసు, మరి సాయంత్రం కొలతల సంగతేమిటండీ అంటున్నాడు మేనేజరు, సాయంత్రం దాకా ఎందుకు అన్నాడు మాస్టర్, ఇప్పుడే కొలుద్దాం, ఊపిరి తీస్తున్న మనిషిని కొలుద్దాం, ఆ పెట్టెలు వెనక్కి పంపిన ఆడవాళ్ళు కూడా మీడియమే కదండీ, వాళ్లు ఎలా ఉన్నారో ఈవిడా అలాగే ఉంది, కాదంటే నాతోపాటే పంపెయ్యండి ఈవిణ్ణి కూడా, అంటూ అప్పుడే కుట్టు విప్పడం మొదలుపెట్టాడు, చూద్దాం లెండి అన్నాడు మేనేజరు, ఆ చూద్దాంలో ఏముందో ఎవరికి తెలుసు, ఉద్యోగం ఉండొచ్చు, పోవచ్చు, పోతే అక్కకి చెప్పాలి, చెబుతుంది, సోఫా మీద నడుం పట్టేస్తోందని కూడా చెబుతుంది, ఇల్లు వెతుక్కుంటానని చెబుతుందేమో, అక్క ముక్కున వేలేసుకుంటుంది, వేసుకోనీ, నడుము చుట్టూ బట్ట వదులైంది, చల్లటి సుద్ద కొత్త గీత గీసుకుంటూ పోయింది, పాత గీతకి దూరంగా, ఇప్పుడెలా ఉంది అన్నాడు మాస్టర్, ఆమె కళ్లు మూసుకుని వెతికింది, భుజాల దగ్గర సరిపోయింది, చంకలో బాగుంది, నడుము దగ్గర ఊపిరి తీసుకోవడానికి చోటుంది, ఇలా వెతికి చూసేది, చూసింది చూసినట్టు చెప్పేది, అదే కదా తను, టేపుకి దొరికేది కాదు, అది ఎక్కడికీ పోలేదు, ఇంతసేపూ ఇక్కడే, ఈ స్టూలు మీదే, ఎవరైనా అడుగుతారేమోనని నిలబడి ఉంది, ఇంకా లోపలికి వెతికింది, అక్కడ ఒకటి కనిపించింది, ఎన్నాళ్లుగానో పిలుస్తున్నట్టుంది, తనే పలకలేదు, గౌను బాగుంది మాస్టర్ గారూ, అంది కళ్లు తెరిచి, నాకే బాగా ఆకలేస్తోంది.