సోతోల్ వాగులో ఎన్ని ఉన్నాయి

ఫెర్మిన్ వస్తున్నాడంటే ఎల్విరా ముందు కిటికీలు తెరుస్తుంది, తర్వాతే పెనం మీద రొట్టె వేస్తుంది. పెట్రోలు బంకు పక్కనున్న ఆమె హోటల్లో రోజూ జరిగే తంతే ఇది. మనిషి ఇంకా బయట ట్రక్కు ఆపుతుండగానే అతని వాసన లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటుంది.

మా వైపు హవలీనాను చంపినవాడికి దాని కంపు అంటుకుంటుంది, ఇక పోదు. అరిజోనా అడుగున, సరిహద్దు కంచెకి ఇవతలున్న మా ఊళ్ళో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. పట్నం నుంచి వచ్చేవాళ్ళు హవలీనాను పంది అంటారు. పంది కాదు. మెడకి తెల్లటి పట్టీ, ఆనీ ఆనని చూపు, నాగజెముడు ముళ్ళతో సహా నమిలే పళ్ళు, నడుం మీద ఒక కంపు తిత్తి. ఆ తిత్తి వాసనతోనే అవి తమవాళ్ళెవరో పోల్చుకుంటాయి. తోలుతో పాటే దాన్ని ఒలిచేసి, ఆ చేత్తో మాంసం ముట్టుకోకుండా ఉంటే కూర బ్రహ్మాండంగా ఉంటుంది. కంపు మాత్రం చంపినవాడి వెంట ఇంటికొచ్చేస్తుంది. ఒకదాన్ని చంపితే వాన రోజున తప్ప తెలియదు. పది చంపితే పెళ్ళాం మంచం వేరే గదిలో వేసుకుంటుంది. చర్చిలో తలుపు పక్క బల్ల వేటగాళ్ళది, అక్కడ ఇంకెవరూ కూర్చోరు.

ఎల్విరా కూడా చిన్నతనంలో నాన్న తుపాకీతో ఒకదాన్ని కొట్టింది. మబ్బు పడితే ఆమె ముంజేతుల నుంచి ఇప్పటికీ సన్నగా వస్తుంది. ఫెర్మిన్ సంగతి వేరు. పట్నం వేటగాళ్ళని కొండల్లోకి తీసుకెళ్ళి హవలీనాను చూపించడమే అతని బతుకుతెరువు. తను కొట్టినవే కాక, వాళ్ళు గాయపరిచి వదిలేసినవాటిని కూడా తనే ముగించాలి. ఎన్నయ్యాయో అతనికే గుర్తులేదు.

"ఆ కిటికీలు మూయి, చలేస్తోంది," అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"నువ్వు బయట కూర్చుని తిను బావా, మూస్తాను."

ఫెర్మిన్ ఆమె అక్క మొగుడు. అక్క పోయాక ఇద్దరి మధ్యా మిగిలింది పొద్దున్నపూట రొట్టె, ఈ కయ్యం. రెండూ వేడిగానే ఉంటాయి.

"ఈసారి కూడా సోతోల్ వాగులో మూడే ఉన్నాయని చెప్పబోతున్నావట వన్యప్రాణి శాఖవాళ్ళకి," అన్నాడతను.

"ఉన్నది మూడు. ఒక ముసలిది, ఒక పోతు, ఒక ఎర్ర పిల్ల. రోజూ కొండెక్కి చూస్తున్నాను. నాగజెముడు దుబ్బుల మీద కొత్త పంటిగాటు ఒక్కటి లేదు."

"కళ్ళు పోయాయి నీకు. నేను వాగులో అడుగుపెడితే చాలు, ముక్కుపుటాలు అదిరిపోతున్నాయి. పొదలోకి పోతే వాసన, గట్టెక్కితే వాసన. ముప్ఫైకి తక్కువ ఉండవు."

"ముప్ఫై ఉంటే ఒక్కటైనా కనబడాలిగా?"

"చూడ్డం వచ్చినవాడికి కనబడతాయి," అని రొట్టె మడిచి నోట్లో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే బడి హాల్లో సమావేశం. వన్యప్రాణి శాఖ నుంచి వచ్చిన అమ్మాయి మర్యాదస్తురాలు, హాల్లో అడుగుపెట్టాక ఒక్కసారి కళ్ళు తుడుచుకుని తలుపులన్నీ తీయించింది. కొండల్లో ఏం చూస్తున్నారో చెప్పమంది. ఒకడు పాత పెంటికలే చూశానన్నాడు. ఇంకొకడు కొండసింహాలు తినేస్తున్నాయన్నాడు. వానల్లేక అన్నాడు మరొకడు. పట్నంవాళ్ళు అన్నారు వెనక నుంచి. తప్పు తనదని ఒక్కడూ అనలేదు, అనడానికి ఎవరూ రాలేదు కూడా.

ఫెర్మిన్ లేచి ముప్ఫై అన్నాడు. ఎల్విరా లేచి మూడు అంది.

"ఈ వాగులో వేట మూసేస్తే నేనేం తినాలి?" అని ఫెర్మిన్ హాలంతా వినబడేలా అడిగాడు. "ఈవిడ రొట్టెలా? ఈవిడ వాటిని కూడా ఈసడింపు చూపుతో పెడుతుంది."

"నిన్ను చేసుకున్నందుకు మా అక్క ఒక్కరోజు మంచిగాలి పీల్చలేదు," అంది ఎల్విరా. "పోయేముందు ఆఖరి ఊపిరి కూడా నీ కంపే తీసుకుంది. ఇప్పుడు వాగు కూడా ఖాళీ చేసి పో."

ఫెర్మిన్ మొహం మాడిపోయింది. ఆ మాట ఎల్విరా అనాల్సింది కాదు, కానీ అంది. చాలా ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నదే.

శాఖ అమ్మాయి ఒక తీర్పు చెప్పింది. ఈ ఏటి లాటరీలో వేట పర్మిట్లు ఇప్పటికే ఇచ్చేశారు కాబట్టి వేట ఆగదు. మొదటిరోజు ఫెర్మిన్ వాగు లోపల, ఎల్విరా కొండ మీద నుంచి లెక్కపెట్టాలి. చీకటి పడ్డాక తనకి ఫోను చెయ్యాలి. నిజంగా మూడే అయితే వచ్చే ఏడు నుంచి సోతోల్ వాగులో తుపాకీ పేలదు.

"వచ్చే ఏటికి మూసి ఏం కాపాడతావమ్మా, గాలినా?" అంది ఎల్విరా. అమ్మాయి తన ఫోను నంబరు కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టింది.

ఫిబ్రవరిలో వేట మొదలైన రోజు ఫెర్మిన్ డ్వేన్ అనే ఆసామిని వెంటేసుకుని వాగులోకి దిగాడు. డ్వేన్ ఫీనిక్స్‌లో ఏసీలు బిగించే వ్యాపారి. బట్టలు కొత్తవి, ఓపిక తక్కువ. ఫెర్మిన్ అతని చేతిలో ఒక ఈల పెట్టాడు, తనే మెస్కీట్ చెట్టు కర్రతో చెక్కింది. నక్క నోట పడ్డ హవలీనా పిల్ల ఎలా ఏడుస్తుందో అది అచ్చం అలాగే ఏడుస్తుంది. మంద చెదిరిపోయినప్పుడు ఊదితే చాలు, ఎంత దూరం పారిపోయినవైనా పిల్లకోసం వెనక్కి తిరిగి మీదికొచ్చేస్తాయి. అప్పుడు తాపీగా కొట్టుకోవచ్చు. ఇంత నికృష్టమైన పనిముట్టు మా ఊళ్ళో ఇంకోటి లేదు, ఫెర్మిన్‌కి దాని మీద ఎంత గర్వమో చెప్పలేను.

"నేను చెప్పినప్పుడే ఊదండి సార్," అన్నాడు.

పొద్దున్నంతా వాసన పట్టుకుని నడిచాడు. ఇదిగో ఈ పొదలో ఉన్నాయి అన్నాడు, లేవు. ఆ గట్టు వెనక అన్నాడు, అక్కడా లేవు. వాసన మాత్రం ప్రతిచోటా చిక్కగా ఉంది. ఎండ నడినెత్తికొచ్చేసరికి పొద్దున బయల్దేరిన బండరాయి దగ్గరికే తిరిగొచ్చారు.

డ్వేన్ సీసాలో నీళ్ళన్నీ తాగేసి మూత గిరాటేశాడు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచి నేనూ అదే వాసన చూస్తున్నాను. ఎక్కడిదో తెలుసా?"

"ఎక్కడిది సార్?"

"నీ దగ్గర్నుంచే. నువ్వు ముందు నడుస్తున్నావు, నేను వెనక చస్తున్నాను. ఇక్కడ నువ్వు తప్ప ఏ జంతువూ లేదు."

ఫెర్మిన్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చొక్కా చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొదల్లోనూ గట్ల మీదా పట్టిన వాసన, ఇన్నాళ్ళూ ముప్ఫై అని లెక్కకట్టిన వాసన, అంతా అక్కడే ఉంది. బండరాయి మీద కూలబడ్డాడు. ఉన్నట్టుండి అతనికి అక్క గుర్తొచ్చింది, అంటే ఎల్విరా అక్క, అతని భార్య. ఆఖరి రోజుల్లో ఆమె కిటికీ వైపే తిరిగి పడుకునేది. ఎండంటే ఇష్టమేమో అనుకున్నాడు.

అప్పుడు వచ్చాయి. ఎండిన వాగు ఇసకలో, ముక్కులెత్తి గాలి పీల్చుకుంటూ, దారి తప్పినవాళ్ళు ఇంటి దీపం చూసి నడిచినట్టు తిన్నగా ఫెర్మిన్ వైపే వచ్చాయి. ముసలిది, పోతు, ఎర్ర పిల్ల. కళ్ళు సరిగా ఆనని ఆ జంతువులకి అక్కడ కూర్చున్నది ఒక మనిషి కాదు. పోయినవాళ్ళందరూ ఒక్కచోట కూర్చుని ఉన్నారు. ముసలిది అతని తొడకి దవడ ఆనించి రుద్దుకుంది, తమలో తాము చేసుకునే పలకరింపు అది. పిల్ల అతని కాళ్ళ సందులో దూరి పడుకుంది.

"పక్కకి జరుగు," అన్నాడు డ్వేన్ తుపాకీ ఎత్తి.

ఫెర్మిన్ జరిగాడు. నిజంగానే జరిగాడు, ఆ డబ్బు అతనికి కావాలి. అతనితో పాటు అవీ జరిగాయి. అరిచాడు, మట్టి విసిరాడు. బూటుతో ముసలిదాన్ని తన్నాడు కూడా. అది ఒక్కసారి గుర్రుమని, మళ్ళీ వచ్చి పక్కనే ఆనుకుంది.

డ్వేన్ తిట్టుకుంటూ ఎదుటి గట్టెక్కి, ఒక రాతి పక్కన సర్దుకుని, జేబులోంచి ఈల తీసి ఊదాడు.

పిల్ల ఏడుపు వాగంతా మార్మోగింది. ముసలిదాని వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తమ పిల్ల కాళ్ళ దగ్గరే ఉందని కూడా చూడలేదు, ఏడుస్తున్నది ఎవరి పిల్లైనా వాటికి ఒకటే.

ఫెర్మిన్‌కి అది ఈల అని తెలుసు. ఏ కొమ్మ నరికాడో, ఏ చాకుతో చెక్కాడో తెలుసు. గట్టు మీద తుపాకీ ఉందనీ తెలుసు. అయినా కాళ్ళు అతన్ని అడక్కుండానే పరుగెత్తాయి. ముసలిదానికంటే ముందు పరుగెత్తాడు. తల దించుకుని, ముళ్ళపొదల్ని చీల్చుకుంటూ, పళ్ళు కొరుకుతూ తిన్నగా డ్వేన్ మీదికి పోయాడు. డ్వేన్ ఈల జారవిడిచి, తుపాకీ పారేసి, రాయి మీదికి ఎగబాకి అక్కడే చతికిలబడ్డాడు. ఫెర్మిన్ ఆ ఈలని మడమ కింద పెట్టి పొడిపొడి చేశాడు. తర్వాత అటూ ఇటూ తిరిగి ఏడ్చిన పిల్లకోసం చాలాసేపు వెతికాడు. మిగతా మూడూ అతనితో కలిసి వెతికాయి.

కొండ మీద నుంచి బైనాక్యులర్లో ఎల్విరా ఇదంతా చూసింది. మంద నాగజెముళ్ళ లోంచి పైకి కదిలితే వాటి ముందు ఫెర్మిన్ కదిలాడు. పొద్దు వాలుతుంటే అవి చలికి ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకున్నాయి. అతను మధ్యలో పడుకున్నాడు. ఆమె బైనాక్యులర్ దించి, ముందు కాస్త తిట్టింది, తర్వాత ఏడ్చింది. సంచిలో తన మధ్యాహ్నం తిండికని తెచ్చుకున్న రొట్టెలు అలాగే ఉన్నాయి. వాటిని మూటకట్టి, గట్టు మీద అతని కంట పడేచోట పెట్టి దిగింది.

చీకటి పడ్డాక శాఖ అమ్మాయి ఫోను ఎత్తింది.

"ఎన్ని ఉన్నాయండీ?"

"నాలుగు."

"మొన్న మూడన్నారు."

"మూడే ఉండేవి," అంది ఎల్విరా. "ఇవాళ ఒకటొచ్చి కలిసింది. మొండిది, చెప్తే వినదు. దానికి దెబ్బ తగిలిందంటే మీ శాఖలో ఒక్కొక్కరి పనీ పడతాను, రాసుకో."

ఫోను పెట్టేసి, హోటల్ కిటికీలన్నీ మూసింది. లోపల గాలి శుభ్రంగా ఉంది. ఫెర్మిన్ కూర్చునే కుర్చీ వైపు చూసి, మళ్ళీ వెళ్ళి ఒక్క కిటికీ తెరిచి పెట్టింది.