పక్కకు చూసుకుంట దిగిన విమానం

ఎంకపల్లి శివారుల మా బెండ చేను. కంచెకు అవతల విమానం నడుపుడు నేర్పేటోళ్ల రన్‌వే. పెండ్లయి వచ్చినప్పటి నుంచి వింటున్న చప్పుడే గనుక తలెత్తి చూసుడు మానేసిన. ఆ దినం మాత్రం చూసిన. విమానం మూతి ఒక దిక్కున్నది, అది పోయేది ఇంకో దిక్కు.

వానలకు ముందటి గాలి. ఉండుండి ఒక్కపెట్టున కొడుతున్నది.

"అత్తమ్మా, అది గట్లెందుకు వస్తున్నది? మన దిక్కు చూసుకుంట రన్‌వే మీదికి పోతున్నది," అన్న.

మా అత్త ఎంకమ్మ నడుము పట్టుకొని లేచింది. "ఎండ్రకాయ తీరు అడ్డంగ నడుస్తున్నది," అన్నది.

నేల ముట్టే ముందు మూతి సక్కగ తిరిగింది. చక్రాలు తాకినయి, మళ్ల ఎగిరినయి. అప్పుడే పెద్ద గాలి వచ్చింది. మా దిక్కు రెక్క లేచి పడ్డది. విమానం మా మీదికి మళ్లి, కంచె తెంపుకొని, చేను ఒడ్డుకు తగిలి, మూతి మట్టిల కుచ్చుకొని ఆగింది.

ఉరికిన. లోపల ఒక్క పిల్లనే ఉన్నది.

"ఇంజన్ బంద్ చేసిన అక్క. బెల్టు వస్తలేదు," అన్నది. పెట్రోల్ వాసన గుప్పుమంటున్నది. చేతిలున్న కొడవలితో బెల్టు కోసి, నేను, అత్తమ్మ పట్టి బయటికి గుంజినం. ఆ పిల్ల ఎడమ చెయ్యి విరిగింది. రన్‌వే వాళ్ల జీపు వచ్చి చేవెళ్ల దవాఖానకు తీసుకపోయింది. పేరు సమత, శంకర్‌పల్లి పిల్లనేనట.

మా ఊరి హోటల్ కాడ మల్లప్ప ఇంజన్ ఆగిపోయిందన్నడు. బాలమల్లు గద్ద తగిలిందన్నడు. నేను చూసినదానికి ఈ రెండూ సరిపోతలేవు. రెండు రోజులు బెండకాయ తెంపుకుంట అదే ఆలోచన. ఇగ ఆగలేక బస్సెక్కి దవాఖానకు పోయిన.

"ఎట్లున్నవు చెల్లె?" అని అడిగి, కూసున్నంక అసలు ముచ్చట తీసిన. "పక్కకు చూసుకుంట ఎందుకు వచ్చినవు?"

సమత మంచం మీద లేచి కూసున్నది. "అందరూ భయమైందా అని అడుగుతున్నరు. ఇది ఎవ్వరూ అడగలే," అన్నది. పక్కనున్న ఫ్యాన్‌కు అడ్డంగ మంచి చెయ్యి చాపింది. "గాలి పక్క నుంచి నూకుతది. సక్కగ వస్తే రన్‌వే అవతలికి కొట్టుకపోత. అందుకే మూతి గాలికి మళ్లించి రావాలె."

"మా అత్తమ్మ ఎండ్రకాయ అన్నది."

సమత నవ్వింది. "మా సార్లు గూడ అదే పేరు పెట్టిన్రు. నేల ముట్టే ముంగట కాళ్ల కాడి పలక తొక్కి మూతి సక్కగ చెయ్యాలె. చేసిన. ఎగిరిపడంగనే మళ్ల పైకి లేవాల్సింది. చక్రాలు ముట్టినయి కద, దిగిన అనుకొని కాళ్లు సడలించిన. గాలి మీ దిక్కు తిప్పేసింది."

"భయం కాలేదా మరి?"

"అప్పుడు కాలే. నువ్వు కొడవలి పట్టుకొని వచ్చినప్పుడు అయింది."

ఇద్దరం నవ్వినం. మళ్ల నడుపుతవా అని అడిగితే, చెయ్యి అతుక్కున్నంక నడుపుత అన్నది.

అధికార్లు చూసిపోయినంక విమానాన్ని ఎత్తుకపోను లారీ వచ్చింది. సమత గూడ చేతికి కట్టుతోని వచ్చింది. గొలుసులు కట్టి మూతి లేపి నిలబెట్టిన్రు. ఆమె లారీ ఎంబడి వచ్చిన మెకానిక్‌ను అడిగి, "కూసుంటవా అక్క?" అన్నది.

లోపల ఆటోల ఉన్నంత జాగ కూడ లేదు. కాళ్ల కాడ రెండు తొక్కుడు పలకలున్నయి. "కుడికాలు తొక్కి వెనుకకు చూడు," అన్నది సమత. తొక్కిన. తోక మీది రేకు కుడికి వంగింది. ఎడమకాలు తొక్కితే ఎడమకు వచ్చింది.

"గాలి మా చేను దిక్కు నుంచి కొడితే ఏది తొక్కాలె?"

ఆమె చెప్తున్నది, నేను తొక్కుతున్న. లారీ ఆయన హారన్ కొట్టిండు. దిగబుద్ధి కాలే గని దిగిన. చూస్తే మా అత్తమ్మ చెప్పులు విడిచి, ఎక్కనీకె తయారుగ నిలవడ్డది.