యాంటీమైసిన్ అంటిన గాజు గొట్టం

మురళీకృష్ణ నా మీద రాసిన కాగితం ఇప్పటికీ ఆఫీసు ఫైల్లో ఉంది. అటెండర్ మట్టయ్య గాజు సామాను సరిగ్గా కడగడం లేదని రాశాడు. ఆరో తరగతిలో బడి మానేసి దిల్‌సుఖ్‌నగర్ చాయ్ హోటల్లో కప్పులు కడిగినవాణ్ని. ఎల్‌బీ నగర్‌లో ఈ ల్యాబుకొచ్చి పదకొండేళ్లు. కడగడం నాకు ఈ సూపర్‌వైజర్ నేర్పాలా?

మృదుల మేడం అప్పుడే కొత్తగా చేరారు. బొటనవేలంత గాజు గొట్టంలో కణాలు పోసి, అవి ఆక్సిజన్ ఎంత పీలుస్తున్నాయో చూస్తారు. పీలుస్తుంటే గొట్టంలో ఆక్సిజన్ తగ్గి కంప్యూటర్లో గీత కిందికి దిగుతుంది. చివర్లో ఓ మందు చుక్క వేస్తే దిగడం ఆగుతుంది. ఒక రోజు మొదటిసారి బాగానే వచ్చింది. నేను కడిగిచ్చాక కొత్త కణాలు పోస్తే, మందు వేయకముందే గీత కదల్లేదు. సింకు పైన మురళీకృష్ణ అంటించిన కాగితంలో డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు అని ఉంది. నేను పదిసార్లు కడిగాను. మళ్లీ అంతే. ఇంకోసారి చెడితే పనిలోంచి తీసేస్తానన్నాడు మురళీకృష్ణ.

నేను మేడంనే అడిగాను.

"ఆఖర్ల ఏస్తున్నరు గదా, గా మందేంది మేడం?"

"యాంటీమైసిన్ అండి. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా తయారుచేస్తుంది. కణంలో శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉంటాయి కదా, వాటి ఊపిరి ఆపేస్తుంది. అలా ఆపి చూస్తేనే, అంతకుముందు పీల్చినదాంట్లో వాటి వాటా ఎంతో తెలుస్తుంది."

"నీళ్లల్ల కరుగుతదా?"

ఆవిడ మందు సీసా మీది చీటీ చూశారు. "కరగదు మట్టయ్య గారూ. స్పిరిట్‌లో కలిపి వేస్తున్నాను."

"మరి నీళ్లు పోస్తె ఎట్ల పోతది? ఆమ్లెట్ ప్లేటు ఒట్టి నీళ్లకు పోతదా మేడం?"

గొట్టం నిండా స్పిరిట్ పోసి పది నిమిషాలు ఉంచాను. పారబోసి మళ్లీ పోశాను. అలా మూడుసార్లు, తర్వాత నీళ్లు. మేడం కణాలు పోశారు. గీత మెల్లగా దిగసాగింది. ఇద్దరం నిలబడి చూస్తూనే ఉన్నాం.

ఆ మందును తిట్టుకోబుద్ధి కాలేదు. కంటికి ఆననంత మిగిలి, అన్ని నీళ్లకూ లొంగక, గాజును పట్టుకునే ఉంది. దాన్ని చేసిన పురుగు ఏ బడికీ పోలేదు. మట్టిలో కూర్చుని అంత నికార్సయిన సరుకు చేసింది. అలాంటి పనిమంతుణ్ని నేను ఈ ల్యాబులో మరొకణ్ని చూడలేదు.

తప్పు కడగడంలో లేదని మేడం అందరి ముందూ చెప్పారు. మురళీకృష్ణ సింకు పైన కొత్త కాగితం అంటించాడు, ముందు స్పిరిట్‌తో మూడుసార్లు అని. ఫైల్లోది మాత్రం తీయలేదు. చెడిన కణాల ఖరీదని ఆ నెల నా జీతంలో కోసింది తిరిగి ఇవ్వలేదు. పద్దెనిమిది వందల నలభై రూపాయలు.